మెట్ల కింద పెసరట్టు, సాయంత్రం బజ్జీలు: అక్కయ్యపాలెంలో వంద రూపాయల్లోపు తిండి

ముందే చెప్పేస్తున్నా, ఇది పిల్లాజెల్లాతో వెళ్ళి ఏసీలో కూర్చుని మెనూ కార్డు తిరగేసే చోటు కాదు. వైజాగ్ అక్కయ్యపాలెంలో 80 అడుగుల రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందుల్లో ఒకదాంట్లో, ఒక పాత మేడ మెట్ల కింద పెట్టిన టిఫిన్ కొట్టు. బోర్డు లేదు, స్విగ్గీ జొమాటోల్లో లేదు, మ్యాప్‌లో వెతికితే పక్కనున్న టైలర్ షాపు వస్తుంది. "మెట్ల కింద టిఫిన్లు ఎక్కడండీ" అని అడిగితే ఆ వీధిలో ఎవరైనా చెయ్యి చూపిస్తారు. పొద్దున ఆరున్నర నుంచి పది, మహా అయితే పదిన్నర దాకా టిఫిన్లు, మళ్ళీ సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా బజ్జీలు, పునుగులు. అంతా శాకాహారమే, గుడ్డట్టు కూడా వెయ్యరు. ఇడ్లీ నాలుగు 30, పూరీ మూడు 40, ఒట్టి పెసరట్టు 40, ఉప్మా పెట్టి వేస్తే 50, సాయంత్రం ఏ ప్లేటైనా 30. ఇద్దరు వెళ్ళి కడుపు నిండా తిని టీ తాగి వచ్చినా నూట యాభై దాటదు.

ఇక్కడ తినాల్సింది పెసరట్టు. మిగతావన్నీ దాని తర్వాతే. వైజాగ్‌లో పెసరట్టు వెయ్యని టిఫిన్ సెంటర్ ఎక్కడుంది అంటారా, నిజమే, కానీ చాలా చోట్ల పెసర పిండిలో దోసె పిండి కలిపేస్తారు, పలచగా కరకరలాడుతూ వస్తుందని, పిండి కూడా కలిసొస్తుందని. చూడ్డానికి బాగానే ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే మాత్రం పెసల వాసనే ఉండదు. ఇక్కడ పొట్టు పెసలు రాత్రి నానబెట్టి తెల్లవారుజామున రుబ్బుతారు, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర అందులోనే పడతాయి, పిండి చేత్తో పట్టుకుంటే కాస్త బరకగా తగులుతుంది. పెసర పిండి మినప పిండిలా పులియబెట్టి వాడుకునేది కాదు కదా, రుబ్బిన కొద్ది గంటలకే వాసన మారిపోతుంది, మన ఊరి ఉక్కపోతలో మరీ త్వరగా. అందుకని వీళ్ళు ఒకేసారి రుబ్బి పెట్టుకోరు. తెల్లారకముందు ఒక విడత, ఏడున్నర ప్రాంతంలో ఇంకో విడత. రెండో గిన్నె అడుక్కి వచ్చిందంటే ఆ రోజుకి పెసరట్టు లేదు, ఎంత బతిమాలినా లేదు.

కొట్టు నడిపేది మొగుడూ పెళ్ళామూ. పెనం దగ్గర ఉండేది ఆవిడే, ఆయన ఇడ్లీ పాత్ర, చట్నీలు, డబ్బులు చూసుకుంటారు. ఆవిడ పని చూస్తూ నిలబడితే ఆర్డరు ఆలస్యమైనా విసుగు రాదు. సగానికి కోసిన ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి నూనెలో ముంచి పెనం అంతా ఒకసారి రుద్దుతారు, పైన నీళ్ళు చిలకరిస్తారు, చుయ్యిమని ఆవిరి లేచి అణిగాక అప్పుడు గరిటె పిండి మధ్యలో పోసి బయటికి తిప్పుతారు. మరీ కాగితంలా లాగరు, మధ్యలో కాస్త మందంగానే వదిలేస్తారు. పిండి తడిగా ఉన్నప్పుడే సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం ముక్కలు జల్లి అట్లకాడ వెనక వైపుతో మెల్లగా అదుముతారు. ఈ అదమడం దగ్గరే అసలు పని ఉంది. అదమకుండా పైన ఊరికే జల్లితే మడత పెట్టగానే ఉల్లిపాయలన్నీ ప్లేట్లోకి రాలిపోతాయి, ఇక్కడ అలా కాదు, అట్టులో కూరుకుపోయి అక్కడే మగ్గుతాయి. అంచుల చుట్టూ నూనె, అడుగు ఎర్రబడ్డాక మడత. తిరగెయ్యరు. దాంతో అడుగు వైపు కరకరా, లోపలి వైపు మెత్తగా, ముక్క తుంపితే పొగలు.

అల్లం చట్నీ గురించి విడిగా చెప్పాలి. మన దగ్గర అల్లం చట్నీ పేరుతో చాలా చోట్ల ఇచ్చేది బెల్లం పాకంలో అల్లం వాసన పట్టించిన పదార్థం. దీంట్లో చింతపండు పులుపు ముందు తగులుతుంది, బెల్లం వెనకాల వస్తుంది, చివర్లో గొంతు దగ్గర అల్లం మంట. పల్చగా ఉండదు, గట్టిగా ఉంటుంది, చెంచాడు వేస్తే వేసిన చోటే కూర్చుంటుంది. కొబ్బరి చట్నీ కూడా వేస్తారు గానీ అది మామూలే, కొబ్బరి కన్నా పుట్నాల పప్పు ఎక్కువ, 40 రూపాయల అట్టుకి అంతకంటే ఆశించకూడదు లెండి.

ఉప్మా పెసరట్టు కావాలంటే ఇంకాస్త ముందు రావాలి, ఉప్మా ఒక్క గిన్నే చేస్తారు. నా ముందు ఒకాయన తొమ్మిదింటికి వచ్చి తీరిగ్గా అడిగితే ఆవిడ పెనం మీంచి తల కూడా ఎత్తకుండా "ఉప్మా అయిపోనాది నానా, ఒట్టిది ఏసీమంటావా?" అన్నారు. ఆయన ఒక్క నిమిషం ఆలోచించేసరికి ఆ అట్టు నాకొచ్చేసింది. ఇక్కడ ఆలోచించేవాళ్ళకి లైనులో చోటు లేదు.

ఇడ్లీ బాగుంటుంది, మెత్తగా ఉంటుంది, వేసవిలో మాత్రం కొంచెం పులుపు తగులుతుంది. మన ఎండలకి పిండి రాత్రికి రాత్రే పొంగి పులిసిపోతుంది, ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఇడ్లీలోకి కారప్పొడి, పైన నెయ్యి వేయించుకోండి, నెయ్యికి పది ఎక్కువ. లేదా బొంబాయి చట్నీ అడగండి, పూరీలోకి చేసే శనగపిండి చట్నీయే, ఉల్లిపాయ పెద్ద ముక్కలుగా ఉంటుంది, చింతపండు రసం కొద్దిగా. పూరీతో దాన్ని అందరూ తింటారు, ఇడ్లీతో తిని చూడండి, నేనైతే అలాగే తింటాను. దోసె గురించి చెప్పడానికేమీ లేదు, వస్తుంది, తింటాం.

సాంబారు మాత్రం వద్దు. నిజంగా వద్దు. తియ్యగా, నీళ్ళగా, పప్పు ఎక్కడో అడుగున, ములక్కాడ ముక్క కనిపిస్తే ఆ రోజు అదృష్టం. ఇంత మంచి అల్లం చట్నీ చేసే చేతులే ఆ సాంబారు ఎలా చేస్తున్నాయో అర్థం కాదు. ఉచితంగా పోస్తారు కాబట్టి జనం పోయించుకుంటారు, దాంట్లో ముంచిన మంచి ఇడ్లీ కూడా పాడైపోతుంది.

సాయంత్రం పూట ఈ కొట్టు వేరే కొట్టు అయిపోతుంది. పెనం తీసేసి మూకుడు పెడతారు, స్కూలు పిల్లలు, ట్యూషన్లకి వెళ్ళేవాళ్ళు, ఆఫీసు నుంచి బండి మీద వస్తూ ఆగేవాళ్ళు. మిరపకాయ బజ్జీ, అరటికాయ బజ్జీ, టమాటా బజ్జీ, పునుగులు, ఇంతే. నా ఓటు పునుగులకి. కొంచెం పులిసిన మినప పిండిలో బియ్యప్పిండి, ఉల్లిపాయ, జీలకర్ర కలిపి వేస్తారు, మైదా ఎక్కువేస్తే సాగుతూ రబ్బరులా వస్తాయి, ఇవి అలా రావు, పైన పలచటి కరకర, లోపల గుల్ల. వేడి మీద తినాలి, పది నిమిషాలాగితే మామూలు పునుగులే. ప్లేటుకి ఒకప్పుడు పది వచ్చేవి, ఇప్పుడు ఎనిమిది. ధర పెంచలేదు, రెండు తగ్గించారు. ఒక పెద్దాయన దీని మీద గట్టిగానే అడిగారు, "నూనె ధర చూసి మాటాడండి బాబూ" అని సమాధానం వచ్చింది, వాదన అక్కడితో ఆగిపోయింది.

మిరపకాయ బజ్జీలో వాము, చింతపండు గుజ్జు కూరతారు, కోసి ఉల్లిపాయ, వేయించిన శనక్కాయలు, కొత్తిమీర పెట్టి నిమ్మకాయ పిండి ఇస్తారు. కారం ఉంటుంది, చిన్నపిల్లలకి వద్దు. టమాటా బజ్జీ మన వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి మాత్రం చెప్తున్నా, టమాటాని శనగపిండిలో ముంచి వేయించి, కోసి, లోపలి గుజ్జులో ఉల్లిపాయ, కారం, శనక్కాయలు, నిమ్మరసం కలిపి మళ్ళీ దాంట్లోనే నింపుతారు. వేడి వేడి గుజ్జు చేతి మీద పడితే కాలుతుంది, తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళకండి.

నూనె సంగతి అడిగేవాళ్ళు అడుగుతారు కాబట్టి చూసింది చెప్తాను. బజ్జీల కొట్టులో నూనె వాసన వీధి మొదట్లోనే ముక్కుకి గుచ్చుకుంటే, మూకుట్లో నల్లగా చిక్కగా కనిపిస్తే, పిండి పడగానే నురగ గిన్నె అంచుదాకా వచ్చి పోకుండా ఉంటే అక్కడ ఏమీ తినకండి, ఎంత పేరున్న కొట్టయినా సరే. మళ్ళీ మళ్ళీ కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే, నూనె చెడేకొద్దీ పుట్టే పదార్థాలు పెరుగుతూ పోతాయి, అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, 2018 జూలై 1 నుంచి రూల్ పెట్టింది. రోడ్డు పక్కన ఎవరు కొలుస్తారు, మన కళ్ళూ ముక్కే మీటరు. ఇక్కడ ఐదింటికి ప్యాకెట్లు కత్తిరించి పోయడం అందరికీ కనిపించేలాగే జరుగుతుంది, చిన్న మూకుడు, మధ్యలో తగ్గితే కొత్త నూనె పోస్తారు. ఎనిమిది దాటాక రంగు ముదురుతుంది, అందుకే నేను ఆ టైముకి వెళ్ళను, ఆరు, ఆరున్నర మధ్య వెళ్తాను. గోడకి రిజిస్ట్రేషన్ కాగితం కూడా ఉంది, 14 అంకెల నంబరుతో, దాని పక్కనే సింహాద్రి అప్పన్న క్యాలెండరు.

నాకున్న పెద్ద కంప్లయింట్ పార్శిల్ గురించి. పునుగులు, బజ్జీలు న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తారు. వేడి నూనెకి ఆ సిరా అంతా తిండికి అంటుకుంటుంది, పొద్దుటి పేపరు హెడ్డింగు అరటికాయ బజ్జీ మీద అచ్చు పడటం నేను కళ్ళారా చూశాను. న్యూస్‌పేపర్లో తినేవి చుట్టొద్దని 2016లోనే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది, ఇన్నేళ్ళయినా ఊళ్ళో సగం బండ్ల మీద అదే పద్ధతి. చట్నీలు పల్చటి కవర్లో పోసి ముడేస్తారు, వేడి సాంబారు కూడా అందులోనే. ఆయనతో చెప్తే "డబ్బా తెచ్చుకోండి సార్, ఇంకో రెండు పునుగులేస్తాను" అన్నారు. మాట నిలబెట్టుకుంటున్నారు కూడా, స్టీలు డబ్బా తీసుకెళ్ళిన వాళ్ళకి పది పడుతున్నాయి. అక్కడే తినేవాళ్ళకి ఈ బాధ లేదు, స్టీలు ప్లేటు మీద అరటాకు ముక్క వేసి ఇస్తారు. కొన్ని చోట్ల ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి దాని మీద పొగలు కక్కే ఇడ్లీ పెడతారు చూడండి, అది చూస్తేనే నాకు ఆకలి చచ్చిపోతుంది.

ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నారంటే, అందులో మాయేమీ లేదు. పనివాళ్ళు లేరు, మొగుడూ పెళ్ళామూ, సెలవుల్లో వాళ్ళబ్బాయి. ఫ్రిజ్ లేదు, ఎందుకంటే మిగిలేదే లేదు. కూరగాయలు, కొత్తిమీర నరసింహనగర్ రైతు బజారు నుంచి, పప్పులు పూర్ణా మార్కెట్ నుంచి బస్తా లెక్కన. యాప్‌లకి కమిషన్ కట్టక్కర్లేదు. ఇరవై రకాల దోసెలు లేవు కాబట్టి పన్నీరు, చీజు, నూడుల్స్ కొని పెట్టుకునే పని లేదు. ఐదారు రకాలు చేసి, అవి అయిపోగానే గ్యాస్ కట్టేసే కొట్టుకి 40 రూపాయలకి పెసరట్టు ఇవ్వడం కుదురుతుంది. యాభై రకాలున్న పెద్ద హోటల్లో అదే పెసరట్టు 90, 100 పెట్టి తిన్నాను, నెయ్యి ఎక్కువ, పెసలు తక్కువ. కుర్చీ ఉందనుకోండి.

బీచ్‌తో పోల్చేవాళ్ళుంటారు కాబట్టి అది కూడా. ఆర్కే బీచ్‌లో కుర్సుర సబ్‌మెరైన్ చూసి బయటికొచ్చిన టూరిస్టులు అక్కడే నిలబడి బజ్జీలు తింటారు, తప్పులేదు, కానీ ధర ఎక్కువ, సముద్రపు గాలికి కూడా మనమే బిల్లు కడతాం. పైగా సాయంత్రం గాలికి ఇసుక కూడా కలుస్తుంది. నేనైతే బీచ్‌లో రెండే తింటాను, మురీ మిక్చర్, దొరికిన రోజున పిడతకింద పప్పు. మరమరాలు, శనగలు, ఉల్లిపాయ, మామిడికాయ తురుము, కారం, నిమ్మరసం, ఆ గుట్ట మీద నిప్పులున్న బుల్లి పిడత పెట్టి వెచ్చగా ఉంచుతారు, అది ఎవరైనా అప్పటికప్పుడు కలిపి ఇచ్చేదే, నూనె గొడవ లేదు. బజ్జీలకి మాత్రం మెట్ల కిందకే వస్తాను.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. కూర్చోవడానికి నాలుగు స్టూళ్ళు, అవి పెద్దవాళ్ళకి వదిలెయ్యడం అక్కడి మర్యాద, మిగతావాళ్ళం మేడ అరుగు మీద ప్లేటు పెట్టుకుని నిలబడి తినాలి. వానాకాలం పక్కన కాలవ పొంగితే వాసన వస్తుంది, ఈగలు కూడా, ఆ రోజుల్లో నేను పార్శిలే. తాగే నీళ్ళు డ్రమ్ములో ఉంటాయి, గ్లాసులు ముంచి కడుగుతారు, మీ సీసా మీరు తెచ్చుకోండి. కారు వెళ్ళదు. ఫోన్‌పే స్కానర్ ఉంది, డబ్బులు పడ్డాయని ఆ పెట్టె గట్టిగా అరుస్తుంది, చిల్లర గొడవ లేదు.

కార్తీక మాసంలో మాత్రం ఓపిక కావాలి. సోమవారాలు సాయంత్రం ఉపవాసం విడిచేవాళ్ళు, మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు, అందరూ ఇక్కడికే, గుడ్డు కూడా ఉండదన్న నమ్మకంతో. ఆ నెల అంతా సాయంత్రాలు ఉల్లిపాయ లేని అట్టు, ఇడ్లీ విడిగా వేస్తారు, దానికి వేరే పెనం, వేరే గరిటె. అడిగినవాళ్ళకల్లా చూపిస్తారు. మార్గశిరం వచ్చాక గురువారాలు పొద్దున్నే బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళి వచ్చే ఆడవాళ్ళతో ఇంకో రద్దీ, ఆ రోజుల్లో ఏడింటికి వెళ్ళినా అరగంట నిలబడాలి. అంత రద్దీలోనూ పెనం మంట పెంచి మాడ్చి ఇవ్వడం నేను చూడలేదు, జనమే ఆగుతారు, అట్టు ఆగదు, తొందరపడదు.

ఎండాకాలం ఇంకో లాభం ఉంది. ఫిబ్రవరి దాటాక పొద్దుట కొట్టు ముందే ఒక ముసలావిడ బిందెతో చోడి (రాగి) అంబలి పెట్టుకుని కూర్చుంటుంది, గ్లాసు 15, పచ్చి ఉల్లిపాయ, నంజుకోవడానికి ఊరమిరపకాయ. వీళ్ళకీ ఆవిడకీ సంబంధం లేదు, కానీ పెసరట్టు మీద ఒక గ్లాసు అంబలి తాగితే మధ్యాహ్నం రెండింటి దాకా అన్నం గుర్తు రాదు. పెసరట్టు అరగదు, కడుపు ఉబ్బరం అనేవాళ్ళకి కూడా అల్లం చట్నీ, ఆ తర్వాత ఈ అంబలి, నా మట్టుకు పనిచేస్తున్నాయి.

మంగళవారం సెలవు. పండగలకి చెప్పకుండా మూసేస్తారు, సంక్రాంతికి ఊరెళ్తే వారం దాకా తియ్యరు. పెసరట్టు కోసమైతే ఎనిమిది లోపు వెళ్ళండి, ఆదివారం ఇంకా ముందు. బండి సందు మొదట్లో పెట్టి నడిచి వెళ్ళండి, లోపల తిప్పడానికి చోటు లేదు. డబ్బా, నీళ్ళ సీసా మర్చిపోవద్దు. ప్లేటు చేతికి ఇచ్చేలోపే "సాంబారు వద్దండీ" అని చెప్పండి, ఆయన అడక్కుండా పోసేస్తారు.